‘బాగుంది అన్నా’ అనే మాట నమ్మి ఎకరాలు వేయకండి



పంటను నేరుగా ఇళ్లకు అమ్మడం గురించి పై వీడియోలో మాట్లాడాను కదా. అందులో సమయం చాలక ఒక విషయం పైపైనే చెప్పి వదిలేశాను. మనం వినియోగదారుల దగ్గర అభిప్రాయం ఎట్లా అడుగుతున్నాం అన్నదే ఆ విషయం. నా మాట ముందే చెప్పేస్తా. సరుకు మిగిలిపోయినప్పుడు మనం పంటను అనుమానిస్తాం, ధరను అనుమానిస్తాం. మనం అడిగిన ప్రశ్నను మాత్రం అనుమానించం. ముందు అనుమానించాల్సింది దాన్నే.

హయత్‌నగర్ నుంచి విజయవాడ రోడ్డు పట్టుకుని సిటీ లోపలికి పోతే ఆటోనగర్, వనస్థలిపురం, ఎల్బీ నగర్, కొత్తపేట, దిల్‌సుఖ్‌నగర్... ఎన్ని కాలనీలో, ఎన్ని వంటిళ్లో. ప్రకృతి వ్యవసాయం చేసే రైతుకు ఇంతకంటే దగ్గరి మార్కెట్ ఎక్కడుంటది? రైతుబజార్లు మొదలైంది 1999 జనవరి 26న. అంటే పాతికేళ్లు దాటి మన రైతులు తినేవాళ్ల ఎదురుగా నిలబడి అమ్ముతున్నారు. మధ్యలో దళారి లేడు, సంతోషమే. కానీ దళారి చేసే పని ఒకటి మన మీద పడింది. ఎవరికి ఏం కావాలో, ఎవరు దేన్ని పక్కన పెడుతున్నారో పసిగట్టే పని.

సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో దీనికోసం ప్రత్యేకంగా ఉద్యోగులే ఉంటారు. యూజర్ ఎక్స్‌పీరియన్స్ రీసెర్చ్ అంటారు, పొట్టిగా యూఎక్స్ రీసెర్చ్. వాడేవాళ్లు ఒక వస్తువును ఎట్లా వాడుతున్నారు, ఎక్కడ ఇబ్బంది పడుతున్నారు అని దగ్గరుండి తెలుసుకోవడమే ఆ పని. పేరు పెద్దదే గానీ, ఆకు తిప్పి చూసి పురుగు గుడ్లు వెతికే మనిషికి ఇది కొత్త విద్యేం కాదు. ఆకు తిప్పకుండా, గట్టు మీద నిలబడి ‘ఎట్లున్నవ్?’ అని మొక్కను అడిగితే ఎట్లుంటదో, ఇప్పుడు మనం వినియోగదారులను అడిగే తీరు అట్లనే ఉంది.

నేను తరచుగా చూసే తప్పులు ఇవి.

ఒకటి: మన సరుకు మనమే పట్టుకుని ‘బాగుందా?’ అని అడగడం

‘అక్కా, బియ్యం ఎట్లున్నయ్?’ అని గుమ్మంలో నిలబడి అడిగితే ఏమంటారు? ‘బాగున్నయ్ అన్నా’ అంటారు. ఎండలో బండి మీద మూట వేసుకుని వచ్చిన మనిషి మొహం మీద ‘బాగలేవు’ అనడానికి మన వాళ్లకు నోరు రాదు. అది మంచితనం. కానీ మన ప్రశ్నకు జవాబు మాత్రం కాదు.

దీన్ని లెక్కగట్టి చూసినవాళ్లు ఉన్నారు. 2012లో వచ్చిన ఒక అధ్యయనం కోసం బెంగళూరులో 450 మందిని ఇంటర్వ్యూ చేశారు. ఒకేలా ఉన్న రెండిటిని చూపించి, అందులో ఒకటి అడుగుతున్న మనిషే తయారు చేశాడని నమ్మించారు. రెండిటికీ తేడా లేకపోయినా, అడిగిన మనిషిదే బాగుంది అనే మొగ్గు సుమారు రెండున్నర రెట్లు కనిపించింది. అడిగేది దుభాషి అవసరమైన విదేశీ పరిశోధకుడైతే ఆ మొగ్గు 5 రెట్లకు పెరిగింది. ఇంకో ముచ్చట వినండి. అడిగేవాడి దాన్ని కావాలనే పాడు చేసి చూపించినా, అదే బాగుందన్నారు!

మన గుమ్మం దగ్గర జరిగేదీ ఇదే. అందుకే అడిగేటప్పుడు మన సరుకు మనది కానట్టు అడగాలి. కుదిరితే వేరే మనిషితో అడిగించాలి. ఇద్దరు రైతులు కలిసి పని చేస్తుంటే ఒకరి వినియోగదారులను ఇంకొకరు అడగండి, పైసా ఖర్చు లేదు. ‘బాగుందా?’ అనే మాట తీసేసి ‘ఇందులో మీకు చికాకు పెట్టేది ఏంది?’ అని అడగండి. తప్పు చెప్పడానికి మనమే దారి ఇస్తే వాళ్లు చెప్తారు.

రెండు: రేపటి గురించి అడగడం

‘దేశీ బియ్యం పండిస్తే తీసుకుంటారా?’ అని గ్రూపులో అడుగుతాం. బొటనవేళ్లు వరసగా పడతాయి. ఆ బొటనవేళ్లు లెక్కబెట్టి నారు పోస్తాం.

లెక్క వేసి చూద్దాం. 40 ఇళ్లు ‘సరే’ అన్నాయనుకోండి. ఇంటికి నెలకు 10 కిలోలు అంటే నెలకు 4 క్వింటాళ్లు, ఏడాదికి 48 క్వింటాళ్ల బియ్యం. అందులో నిజంగా నెలనెలా కొనేది 12 ఇళ్లే అనుకుంటే పోయేది 14 క్వింటాళ్ల పైచిలుకు. మిగతా 33 క్వింటాళ్లు ఏం కావాలి? రసాయన పద్ధతి వాళ్లు గోదాంలో మాత్రలు పెట్టి దాచుకుంటారు. మనం ఆ మాత్రలు పెట్టం. వానాకాలం తేమకు ముక్కపురుగు పడితే, ఆర్నెల్ల కష్టం కళ్ల ముందే పిండైపోతుంది. అంటే తప్పు ప్రశ్నకు మనం కట్టే మూల్యం మిగతా రైతుల కంటే ఎక్కువ.

తెలుగులో ‘లే’ అని ఒక చిన్న అక్షరం ఉంది. ‘తీసుకుంటాం లే’, ‘చూద్దాం లే’, ‘చెప్తాం లే అన్నా’. ఆ ‘లే’ వినపడిందంటే ‘వద్దు’ అని అర్థం చేసుకోవాలి. ఇంట్లో పిల్లలకు కూడా తెలుసు ఈ సంగతి, అమ్మేటప్పుడు మాత్రం మనం మర్చిపోతాం.

రేపు కొంటారా అని అడక్కండి. పోయిన నెల ఏం కొన్నారో అడగండి. ఎక్కడ కొన్నారు, ఎన్ని కిలోలు, ఎంత పెట్టారు? రేపటి గురించి ఎవరైనా గొప్పగానే చెప్తారు. పోయిన నెల కొన్న బస్తా మాత్రం అబద్ధం చెప్పదు. రేపటి సంగతి తెలుసుకోవాలని మరీ ఉంటే, కొంత అడ్వాన్స్ అడిగి చూడండి. అప్పుడు 40 ఇళ్లు ఎన్ని అవుతాయో మీకే తెలుస్తుంది.

మూడు: జవాబు మనమే నోట్లో పెట్టడం

‘మందులు కొట్టిన కూరగాయలు కావాలా, మందుల్లేనివి కావాలా?’ అని అడిగితే మందులు కొట్టినవి కావాలని ఎవరంటారు? ఇది ప్రశ్న కాదు, పాఠం. పాఠం చెప్పడం తప్పు కాదు గానీ, దాన్ని సర్వే అనుకోవడం తప్పు. మందుల్లేని బెల్లం కావాలని ఒప్పుకున్న మనిషే, రెండు రకాలు ఎదురుగా పెడితే పసుపుపచ్చగా మెరిసే దాని వైపు చెయ్యి పెడతాడు. నల్లబెల్లం దగ్గర చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. ఆ ఆగడాన్ని చూడాలి. మనకు కావాల్సిన సమాచారం అందులో ఉంది.

నాలుగు: స్టాల్ దగ్గర రుచి చూపించి, వంటింట్లో చూడకపోవడం

హయత్‌నగర్‌లోనే క్రిడా వాళ్ల పరిశోధన క్షేత్రం ఉంది. మెట్ట వ్యవసాయం మీద పనిచేసే ఆ కేంద్ర సంస్థ 1985 నుంచి ఉంది. పరిశోధన క్షేత్రంలో బాగా వచ్చిన పద్ధతిని అక్కడితో వదలరు, రైతు పొలంలో కూడా వేసి చూడాలంటారు. ఎందుకంటే పొలంలో నేల వేరు, నీళ్లు వేరు, కూలీలు దొరికే రోజు వేరు. మన డిప్లొమా చదువుల్లో మొదట నేర్పేదీ ఇదే. సరుకు విషయంలో మనకు స్టాల్ పరిశోధన క్షేత్రం లాంటిది. వినియోగదారుడి వంటిల్లు రైతు పొలం లాంటిది.

అమెరికాలో కోకాకోలా కంపెనీ ఈ తేడా దగ్గరే దెబ్బతిన్నది. కొత్త రుచి తయారు చేసి సుమారు 2 లక్షల మందికి రుచి చూపించారు. ఎక్కువమంది కొత్తదే బాగుందన్నారు. 1985 ఏప్రిల్‌లో పాతది ఆపేసి కొత్తది దించారు. జనం తిరగబడ్డారు. మూడు నెలలు తిరక్కముందే, జులైలో పాత రుచి మళ్లీ తెచ్చారు. ఒక గుటక తాగి చెప్పే మాట వేరు, ఇంట్లో రోజూ తాగే అలవాటు వేరు. పైగా ‘పాతది తీసేస్తే మీకెట్లా ఉంటుంది?’ అన్న అసలు ప్రశ్నకు తగినంత బరువు ఇవ్వలేదు. అంత డబ్బున్న కంపెనీకే 2 లక్షల జవాబులు దారి తప్పించాయంటే, లోపం జవాబుల సంఖ్యలో లేదని అర్థం కావాలి.

మన దగ్గరి సంగతి ఒకటి చెప్తా. వనస్థలిపురం వైపు తక్కువ పాలిష్ పట్టిన దేశీ బియ్యం ఇచ్చే ఒక రైతు అన్నతో కలిసి మూడు ఇళ్లకు పోయాను. మూడు ఇళ్లూ ‘బియ్యం బాగున్నయ్’ అన్నవే. మూడూ రెండోసారి తీసుకోనివే. ఇక అడగడం ఆపి, వండేటప్పుడు చూస్తామని చెప్పి కూర్చున్నాం. రెండిళ్లలో సోనా మసూరి వండినట్టే వండారు. కడిగి, నానబెట్టకుండా, ఎప్పటి నీళ్లే పోసి, కుక్కర్‌లో మూడు విజిల్స్. అన్నం బిరుసుగా వచ్చింది, పిల్లలు పక్కకు నెట్టారు. మూడో ఇంట్లో పెద్దావిడ గంటన్నర నానబెట్టి, నీళ్లు ఎక్కువ పోసి వండింది. ఆమెకు బియ్యం మీద ఫిర్యాదే లేదు. బస్తా మోసుకొచ్చే మనిషి లేక తీసుకోవడం మానేసింది!

ఆ మూడు ఇళ్లలో ధర మాట ఒక్కసారీ రాలేదు. ఒక చోట కావాల్సింది సంచి మీద నాలుగు వాక్యాలు: ఎంతసేపు నానాలి, ఎన్ని నీళ్లు పోయాలి. ఇంకో చోట కావాల్సింది 5 కిలోల చిన్న సంచి. గుమ్మంలో నిలబడి ఎన్నిసార్లు అడిగినా ఈ రెండూ బయటికి రావు.

అడగడం కంటే చూడటం మేలని మన దగ్గర ముందే గుర్తించినవాళ్లు ఉన్నారు. 2004లో ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ వాళ్లు వరంగల్ జిల్లా పత్తి రైతుల కోసం ఈ-సాగు మొదలుపెట్టారు. రైతు ఫోన్ చేసి సమస్య వివరించాలని ఎదురుచూడలేదు. ఊళ్లో ఒక కోఆర్డినేటర్ చేనులోకి పోయి ఫొటోలు తీసేవాడు. అప్పటి ఇంటర్నెట్‌కు అన్ని ఫొటోలు పోవు కాబట్టి సీడీల్లో ఎక్కించి హైదరాబాద్ పంపేవాళ్లు. నిపుణులు ఆ ఫొటోలు చూసి సలహా ఇచ్చేవాళ్లు. తన చేనులో ఏమైతుందో రైతుకు తెలియకపోవచ్చు, తెలిసినా మాటల్లో చెప్పలేకపోవచ్చు. అన్నం ఎందుకు బిరుసైందో వండే అక్కకు తెలియకపోవడం కూడా అంతే సహజం.

ఐదు: ఒక్కరినే అడగడం, ఉన్నవాళ్లనే అడగడం

ఒక ఇంట్లో మన సరుకుకు ముగ్గురు యజమానులు. డబ్బు పంపేది ఒకరు, వండేది ఒకరు, తినేది ఇంకొకరు. గ్రూపులో మనతో మాట్లాడేది ఎక్కువగా మొదటి మనిషి. ఆయన ఆరోగ్యం గురించి వీడియోలు చూసి మన దగ్గరికి వచ్చాడు, మనల్ని మెచ్చుకుంటాడు. గానుగ నూనె అడుగున మడ్డి పేరుకుంటే సీసా పక్కన పెట్టేసేది మాత్రం వండే మనిషి. ఆమెతో మాట్లాడకపోతే మనకు సగం కథే తెలుస్తుంది.

ఇంకొకటి. గ్రూపులో మిగిలినవాళ్లు మనతో సర్దుకున్నవాళ్లు. వదిలేసి పోయినవాళ్లు సర్దుకోలేనివాళ్లు. మన లోపాలు తెలిసింది వాళ్లకే. ఫోన్ చేసి, ‘మళ్లీ కొనమని అడగడానికి కాదు అక్కా, ఎందుకు ఆపారో తెలుసుకోవడానికి చేశా’ అని మొదటి వాక్యంలోనే చెప్పండి. కొందరు ఎత్తరు. ఎత్తినవాళ్లు ఉన్నదున్నట్టు చెప్తారు.

ఆరు: ఐదుగురి మాటను శాతాల్లోకి మార్చడం

ఎంతమందిని చూడాలి అని అడుగుతుంటారు. జేకబ్ నీల్సన్ అని ఈ రంగంలో పేరున్న నిపుణుడు 2000లో ఒక లెక్క చెప్పాడు. వెబ్‌సైట్‌ను ఐదుగురితో వాడించి చూస్తే అందులోని ఇబ్బందుల్లో దాదాపు 85 శాతం బయటపడతాయని. ఒకేసారి 15 మందిని చూడటం కంటే, ఐదుగురిని చూసి, సరిచేసి, మళ్లీ ఐదుగురిని చూడమన్నాడు. వెబ్‌సైట్ లెక్క బియ్యం సంచికి అచ్చుగుద్దినట్టు సరిపోదు గానీ, దారి మాత్రం అదే. ఐదు ఇళ్లు చాలు, ఎక్కడ ముల్లు గుచ్చుకుంటుందో తెలుసుకోవడానికి.

అయితే ఆ ఐదిళ్లలో నాలుగు బాగుందన్నాయని ‘80 శాతం మందికి నచ్చింది’ అని రాసుకుని, దాన్ని బట్టి ఎకరాలు పెంచకండి. ముల్లు వెతకడానికి ఐదు ఇళ్లు. ఎకరాలు తేల్చడానికి మీ అమ్మకాల పుస్తకం, అడ్వాన్సుల లెక్క. ఈ రెండు పనులు కలపొద్దు.

వినడమంటే లొంగడం కాదు

ఇక్కడ ఒక రైతు అడిగే ప్రశ్న నాకు తెలుసు. ‘తమ్ముడూ, వాళ్లు చెప్పినట్టల్లా వింటే మళ్లీ పాలిష్ బియ్యం, పచ్చ బెల్లం దగ్గరికే పోవాలి కదా? ఇంక ప్రకృతి వ్యవసాయం ఎందుకు?’

న్యాయమైన ప్రశ్న. నా జవాబు ఇది. వినియోగదారుడు తన ఇబ్బంది చెప్తాడు. దానికి మందు ఏదో తేల్చాల్సింది మనమే. బెల్లం నల్లగా ఉందని చెయ్యి ఆగితే, హైడ్రోస్ కలపమని కాదు అర్థం. రంగు ఎందుకు అట్లుందో ఆ క్షణంలో అక్కడే కనిపించేలా రాసి పెట్టమని అర్థం. పప్పుకు పురుగు పడుతోందంటే మాత్రలు పెట్టమని కాదు, నెలకు సరిపడా చిన్న ప్యాకెట్ ఇవ్వమని. నేల విషయంలో రాజీ లేదు. సంచి సైజు, రాసే మాట, తెచ్చిచ్చే రోజు, వీటిలో పట్టుదల అక్కర్లేదు. ఏది వదలకూడదో, ఏది మార్చొచ్చో విడదీసుకోని రైతే విమర్శకు భయపడతాడు.

మార్చేటప్పుడు ఒక్కటే మార్చండి. కొత్త కషాయం కొట్టినప్పుడు పక్కన కొన్ని సాళ్లు కొట్టకుండా వదిలి పోల్చి చూస్తాం కదా. అట్లనే సగం ఇళ్లకు వంట చీటీ ఉన్న సంచి, సగం ఇళ్లకు మామూలు సంచి ఇచ్చి, రెండోసారి ఎవరు తీసుకున్నారో చూడండి. సంచి, ధర, డెలివరీ రోజు మూడూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో ఎవరికీ తెలియదు.

మనల్ని అడగడానికి వచ్చినప్పుడు

చివరగా మన వైపు తప్పు కూడా మాట్లాడుకోవాలి. యాప్ చేసినవాళ్లు, యంత్రం చేసినవాళ్లు మన పొలాలకు వస్తుంటారు. ట్యాబ్ చేతిలో పెట్టి ‘ఎట్లుంది సార్?’ అంటారు. మనం ‘మంచిగున్నది సార్’ అని చాయ్ తాగించి పంపిస్తాం. వాళ్లు పోయాక ఆ యాప్ మళ్లీ తెరవం. బెంగళూరు అధ్యయనంలో కనిపించిన మర్యాదే ఇక్కడ కూడా పని చేస్తున్నది. తర్వాత ఆ యాప్ అట్లనే ఊళ్లన్నిటికీ వస్తుంది, అప్పుడు తిట్టుకుంటాం.

వాళ్లకు ఉన్నదున్నట్టు చెప్పండి. ఎండలో స్క్రీన్ కనిపించడం లేదు. మట్టి చేత్తో వేలు పెడితే పట్టడం లేదు. తెలుగులో రాశారు గానీ ఆ తెలుగు మాకు అర్థం కావడం లేదు. ఇట్లా చెప్పడం అమర్యాద కాదు, తర్వాతి రైతుకు చేసే సాయం.

వీడియోలకు కూడా ఇది వర్తిస్తుంది. బెంగళూరు మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌లో 2006లో మొదలైన డిజిటల్ గ్రీన్, ఊళ్లో రైతులతోనే తీసిన వీడియోలను ఊళ్లో చూపించేది. 16 గ్రామాల్లో చేసిన ప్రయోగంలో వాళ్లు కొలిచింది వీడియో నచ్చిందా అని కాదు. చూసినవాళ్లలో ఎందరు ఆ పద్ధతిని తమ చేనులో చేశారని. మామూలు విస్తరణ పద్ధతి కంటే కొన్ని పద్ధతుల ఆచరణ 7 రెట్లు పెరిగిందని తేలింది. లైకులు లెక్కబెట్టి ఉంటే ఈ సంగతి తెలిసేదే కాదు.

ఈ వారం చేయాల్సింది

ఐదు ఇళ్లు ఎంచుకోండి. అందులో రెండు మీ దగ్గర కొనడం మానేసినవి ఉండాలి. చేతిలో సరుకు లేకుండా పోండి. వండే మనిషితో మాట్లాడండి. ఈ ఐదు ప్రశ్నలు చాలు:

1. పోయిన నెల బియ్యం ఎక్కడ, ఎన్ని కిలోలు కొన్నారు?
2. మా బియ్యం ఆఖరుసారి ఎప్పుడు వండారు? ఎట్లా వండారో మొదటి నుంచి చెప్పండి.
3. ఆ రోజు ఇంట్లో ఎవరు తినలేదు?
4. మిగిలిన అన్నం ఏం చేశారు?
5. మా దగ్గర లేనప్పుడు దాని బదులు ఏం తెచ్చుకున్నారు?

అడిగాక నోరు మూసుకుని వినాలి. కష్టమైన పనే, ఎందుకంటే ప్రకృతి వ్యవసాయం గురించి మనకు చెప్పాల్సింది చాలా ఉంటుంది. వాళ్లన్న మాట వాళ్లన్నట్టే రాసుకోండి. ‘కొంచెం గట్టిగ అయితది’ అంటే అదే రాయండి, ‘నాణ్యత పర్వాలేదు’ అని మార్చి రాయకండి. ఇంటికొచ్చాక ఆ కాగితం చూసుకుని ఒక్క మార్పు చేయండి.

వచ్చే సీజన్ విత్తనం కొనే ముందు ఈ పని చేయండి. నారు పోశాక తెలిసినదానితో మార్చగలిగేది తక్కువ. చేసినవాళ్లు ఏం బయటపడిందో కింద రాయండి. వీడియో బాగుందని రాయనక్కర్లేదు, ఎక్కడ అర్థం కాలేదో రాస్తే నాకు ఎక్కువ ఉపయోగం.